3200 ర్యామ్ 2400 దగ్గరే ఆగి, ఎక్స్‌ఎంపీ పెట్టగానే డిస్‌ప్లే పోతుంటే ఏం చేయాలి?

మీరు రాసిన వివరాలను బట్టి నాకు అర్థమైనది ఇది. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, నాలుగు స్లాట్లున్న బీ450 మదర్‌బోర్డుతో మీరు అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌లో మొదట 8 జీబీ 3200 ర్యామ్ (3200 అనేది దాని వేగం) ఒక్కటే ఉండేది. ఈ మధ్య చిత్తూరులో వేరే కంపెనీ 8 జీబీ 3200 ర్యామ్ కొని, మొదటి దాని పక్క స్లాట్‌లో మీరే పెట్టుకున్నారు. టాస్క్ మేనేజర్ వేగాన్ని 2400 అని చూపిస్తోంది. బయోస్‌లో, అంటే సిస్టమ్ ఆన్ కాగానే బోర్డు మొదట నడిపే ప్రోగ్రామ్‌లో, ర్యామ్‌ను డబ్బా మీది వేగానికి తెచ్చే ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఒక్కోసారి డిస్‌ప్లే రావడం లేదు, వచ్చినా కాసేపటికి బ్లూ స్క్రీన్ పడుతోంది. దుకాణంలో అడిగితే "అంతే వస్తుంది, వాడుకోండి" అన్నారు. ర్యామ్ నకిలీదా, బోర్డు పోయిందా, మార్చి ఇమ్మని అడగవచ్చా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే: ర్యామ్ నకిలీదయ్యే అవకాశం తక్కువ. బోర్డు పోయిందనడానికి మీరు చెప్పిన లక్షణాలు చాలవు. ముందుగా రెండు స్టిక్‌లనూ బయటకు తీసి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టండి. ఆ తరువాత బయోస్‌ను అప్‌డేట్ చేసి, అప్పుడు మళ్లీ ఎక్స్‌ఎంపీ ప్రయత్నించండి. అప్పటికీ నిలకడ లేకపోతే 3200 కోసం పట్టుబట్టకుండా 3000 గానీ 2933 గానీ పెట్టి, మెమరీ టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదని తేల్చుకుని అక్కడితో ఆపేయండి. మీరు చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే అనుమానం కలిగించినది "పక్క స్లాట్" అన్న మాట. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

మొదట ఆ 2400 సంగతి. ప్రతి ర్యామ్ స్టిక్ మీద ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. ఈ స్టిక్ ఏ వేగంలో, ఏ టైమింగ్‌లతో (స్పందించడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పే అంకెలతో), ఎన్ని వోల్టుల దగ్గర నడుస్తుందో అందులో పట్టికలుగా రాసి ఉంటుంది. సిస్టమ్ ఆన్ కాగానే బయోస్ మొదట చదివేది దానినే. ఆ పట్టికలు రెండు రకాలు. ఒకటి జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించిన వేగాలది: మీరు వాడే డీడీఆర్4 తరం ర్యామ్‌లో 2133, 2400, 2666, 2933, 3200 ఇలా ఉంటాయి, అన్నీ 1.2 వోల్టుల దగ్గర పనిచేయాలి. రెండోది ర్యామ్ తయారుచేసిన కంపెనీ తన పూచీ మీద రాసుకున్న ఎక్స్‌ఎంపీ పట్టిక. మీవాటిలాంటి గేమింగ్ ర్యామ్‌లలో చాలావాటికి డబ్బా మీద కనిపించే 3200 ఈ రెండో పట్టికలోనిది, దానికి సాధారణంగా 1.35 వోల్టులు కావాలి. మనం ప్రత్యేకంగా అడగనంత వరకు బోర్డు జెడెక్ పట్టికలోని వేగాన్నే తీసుకుంటుంది. కాబట్టి 2400 కనిపించడం లోపం కాదు, ఎవరూ ఏమీ మార్చని స్థితి మాత్రమే. దుకాణం వారి మాట ఆ మేరకు నిజమే, అయితే "అంతే వస్తుంది" అనడం మాత్రం సరికాదు.

ఇదే 3200 పేరుతో హీట్ స్ప్రెడర్ (వేడిని పంచే లోహపు రేకు) లేకుండా, పచ్చని పలకతో వచ్చే మామూలు ర్యామ్‌లు కొన్ని ఏ సెట్టింగూ మార్చకుండానే 3200 దగ్గర నడుస్తాయి. వాటి జెడెక్ పట్టికలోనే 3200 ఉంటుంది, కానీ టైమింగ్ సీఎల్22 వంటి పెద్ద అంకెగా ఉంటుంది. అంటే వేగం ఒకటే అయినా స్పందన ఆలస్యం. లెక్క వేసి చూస్తే సీఎల్16తో 3200 అంటే 10 నానోసెకన్లు, సీఎల్22తో అదే 3200 అంటే 13.75 నానోసెకన్లు. డబ్బా మీద పెద్దక్షరాలతో 3200 అని ఉన్నంత మాత్రాన రెండు ర్యామ్‌లు సమానమైపోవు.

నకిలీ సంగతి తేల్చుకోవడానికి దుకాణానికి వెళ్లనక్కరలేదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి ఎస్‌పీడీ ట్యాబ్ తెరవండి. పైన ఎడమ వైపు స్లాట్ నంబరు ఎంచుకుంటే ఆ స్టిక్ తయారీదారు పేరు, పార్ట్ నంబరు కనిపిస్తాయి. వాటిని స్టిక్ మీది స్టిక్కర్‌తో పోల్చండి. కింద ఉన్న పట్టికలో ఎక్స్‌ఎంపీ-3200 అనే నిలువు వరుస ఉండి, దాని కింద 1600 మెగాహెర్ట్జ్, 1.35 వోల్టులు అని ఉంటే ఆ స్టిక్ 3200దే. ఎక్స్‌ఎంపీ వరుస అసలే లేకుండా, జెడెక్ వరుసల్లో అన్నిటికంటే పెద్ద అంకె 1333 అని ఉంటే అది 2666 స్టిక్, మీద అంటించిన కాగితం ఏం చెప్పినా సరే. అటువంటిది కనిపిస్తే ఇక ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ఆ తెర ఫొటో తీసుకుని బిల్లుతో సహా దుకాణానికి వెళ్లండి.

ఇక్కడే చాలామంది బెదిరిపోయే విషయం మరొకటి ఉంది. సీపీయూ-జెడ్‌లో 1600 అని, టాస్క్ మేనేజర్‌లో 3200 అని కనిపిస్తే సగం వేగమే వస్తోందని అనుకుంటారు. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది. క్లాక్ 1600 అయితే బదిలీలు 3200. రెండూ ఒకే సంగతిని చెబుతున్నాయి. మీకు ఇప్పుడు సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లో 1200కు దగ్గరగా కనిపించాలి.

ఇక స్లాట్ల సంగతి. మీ ప్రాసెసర్‌కు మెమరీతో మాట్లాడే దారులు రెండు, వాటినే ఛానళ్లు అంటాము. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్కో ఛానల్‌కు రెండేసి స్లాట్లు ఉంటాయి. చాలా బోర్డులలో ప్రాసెసర్ వైపు నుంచి వరుసగా ఏ1, ఏ2, బీ1, బీ2. మీరు రెండు స్టిక్‌లను పక్కపక్కన పెట్టారు కనుక, అవి మొదటి రెండు స్లాట్లయినా చివరి రెండు స్లాట్లయినా, రెండూ ఒకే ఛానల్ మీద పడి ఉండే అవకాశం ఎక్కువ. దానివల్ల నష్టం రెండు విధాలు. మొదటిది, రెండో దారి పూర్తిగా ఖాళీగా పడి ఉంటుంది. రెండోది, ఒకే దారి మీద రెండు స్టిక్‌లను 3200 వేగంతో నడపడం ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగమైన మెమరీ కంట్రోలర్‌కు చాలా కష్టం. అందులోనూ ఆ రెండు వేరు వేరు కంపెనీలవైతే చెప్పనక్కరలేదు. ఎక్స్‌ఎంపీ పెట్టగానే డిస్‌ప్లే పోవడానికి ఇదొక్కటే చాలు.

ఇది నిజమో కాదో సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లోనే తేలిపోతుంది. అక్కడ ఛానల్ అన్న చోట డ్యూయల్ అని గానీ, కొత్త వెర్షన్‌లలో 2 × 64-బిట్ అని గానీ ఉండాలి. సింగిల్ అనో 1 × 64-బిట్ అనో ఉంటే నా అనుమానం నిజమైనట్టే. స్లాట్ల మీద రంగులు చూసి మోసపోకండి, ఒక రంగు ఒక ఛానల్ అని కొన్ని బోర్డులలో, ఒక రంగు ఒక జత అని మరికొన్నింటిలో ఉంటుంది. బోర్డుతో వచ్చిన మాన్యువల్‌లో రెండు స్టిక్‌లు ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసి ఉంటుంది, అదే ప్రమాణం.

రెండు, నాలుగు అనడానికి కారణం ఉంది. ఈ తరగతి బోర్డులలో ప్రాసెసర్ నుంచి బయలుదేరిన తీగ మొదట ఏ1ను తాకి, తరువాత ఏ2 దగ్గర ముగుస్తుంది. స్టిక్‌ను ఏ1లో పెట్టి ఏ2ను ఖాళీగా వదిలితే, ఏ2 వరకు ఉన్న ఆ మిగిలిన తీగ ముక్క చివర నుంచి సిగ్నల్ వెనక్కి కొట్టుకువస్తుంది. 2400 దగ్గర ఆ ప్రతిబింబాన్ని సిస్టమ్ ఎలాగో తట్టుకుంటుంది, 3200 దగ్గర తట్టుకోలేకపోవచ్చు. తీగ చివర స్టిక్ ఉంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. తిరుపతిలో మా దగ్గరకు "ఎక్స్‌ఎంపీ పనిచేయడం లేదు" అని వచ్చే సిస్టమ్‌లలో నేను మొదట క్యాబినెట్ తలుపు తీసి చూసేది స్లాట్లనే. బయోస్ తెరవకుండానే తేలిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

స్టిక్‌లు మార్చేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) వెనుక స్విచ్ ఆపి, పవర్ కార్డ్ తీసి, క్యాబినెట్ పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తు పోనివ్వండి. బయటకు తీసిన స్టిక్‌ను వెలుతురులో కాస్త పక్కకు వాల్చి దాని అంచును చూడండి. బంగారు రంగు కాంటాక్టుల మీద స్లాట్ పిన్నులు గీసిన సన్నని గీతలు ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకే ఎత్తులో ఉండాలి. ఒక చివర గీతలు పైదాకా ఉండి మరో చివర అంచు దగ్గరే ఆగిపోతే, ఆ స్టిక్ ఇంతకాలం వంకరగా కూర్చుని ఉందన్నమాట. ఒకవైపే క్లిప్ ఉన్న బోర్డులలో ఇది తరచూ జరుగుతుంది, ఎందుకంటే క్లిప్ ఉన్న వైపు టక్కుమని శబ్దం రాగానే పని అయిపోయిందనుకుంటారు, క్లిప్ లేని చివర పైకి లేచి ఉండిపోతుంది. కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. మన దగ్గర పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు ఉంది. అది పనిచేయదని అనను, కానీ రబ్బరు పొడి స్లాట్‌లో రాలితే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

వేరు వేరు కంపెనీల స్టిక్‌లు కలిపి వాడటం తప్పు కాదు. అయితే దానికి ఎవరూ హామీ ఇవ్వరు. జతగా ఒకే డబ్బాలో అమ్మేవాటిని కంపెనీ రెండింటినీ కలిపి పరీక్షించి పంపుతుంది. విడివిడిగా కొన్నవాటికి ఆ పరీక్ష మీ ఇంట్లో మొదటిసారి జరుగుతుంది. పైకి రెండూ 8 జీబీ 3200 అయినా, ఒకదానిలో ఎనిమిది మెమరీ చిప్‌లు, మరొకదానిలో నాలుగు పెద్ద చిప్‌లు ఉండవచ్చు. ఒకదానిలో శామ్‌సంగ్ చిప్‌లు, మరొకదానిలో హైనిక్స్‌వో మైక్రాన్‌వో ఉండవచ్చు. ఒకే కంపెనీ ఒకే మోడల్ అయినా బ్యాచ్ మారితే లోపలి చిప్‌లు మారిపోతాయి. అందువల్ల "అదే కంపెనీది కొనండి" అన్న సలహా సగం మేరకే పనికొస్తుంది. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసినప్పుడు ఒక స్టిక్ పట్టికలోని టైమింగ్‌లను రెండో దానికి కూడా వర్తింపజేస్తే, రెండోది వాటిని అందుకోలేకపోవచ్చు. అప్పుడు చేత్తో అంకెలు వదులు చేయవలసి వస్తుంది, అది కింద చెబుతాను.

స్లాట్లు సరిచేశాక బయోస్. బీ450 చిప్‌సెట్ 2018 నాటిది, 5600జీ 2021లో వచ్చింది. మీ బోర్డు ఆ ప్రాసెసర్‌తో నడుస్తోందంటే ఎవరో ఒకసారి బయోస్ అప్‌డేట్ చేసే ఉంటారు, కానీ ప్రాసెసర్‌ను గుర్తించే తొలి వెర్షన్ దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు. మెమరీ పొందిక తరువాతి వెర్షన్‌లలో మెరుగుపడుతూ వచ్చింది. కాబట్టి బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్, రివిజన్ నంబరు రెండూ సరిపోల్చుకుని ఫైలు దించుకోండి. అప్‌డేట్ సమయంలో ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లో ఉండాలి. నిలకడ లేని మెమరీతో బయోస్ రాయించడం ప్రమాదం. రెండో జాగ్రత్త కరెంటు గురించి: వేసవి మధ్యాహ్నాలలో, గాలివాన ముందర ఈ పని పెట్టుకోకండి, యూపీఎస్ లేకపోతే ఒక గంటకు ఎవరిదైనా తెచ్చుకోండి.

మూడో జాగ్రత్తను చాలామంది చెప్పరు. విండోస్ 11లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, ఏఎండీ బోర్డులలో బయోస్ అప్‌డేట్ తరువాత బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. ప్రాసెసర్‌లోని టీపీఎం (ఎన్‌క్రిప్షన్ కీలను కాపాడే భద్రతా భాగం) సమాచారం మారడం వల్ల అలా జరుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందుగానే లాగిన్ అయి కాగితం మీద రాసుకోండి, లేదా అప్‌డేట్‌కు ముందు ఎన్‌క్రిప్షన్‌ను తాత్కాలికంగా నిలిపివేయండి. ర్యామ్ వేగం కోసం కూర్చుని ఇంటి ఫొటోలన్నీ పోగొట్టుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఇప్పుడు అసలు సెట్టింగ్. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. ఇదే సెట్టింగ్‌ను ఏసుస్ ఏఎండీ బోర్డులలో డీఓసీపీ అని, ఎంఎస్ఐ వారి బోర్డులలో ఏ-ఎక్స్‌ఎంపీ అని, గిగాబైట్‌లో ఎక్స్‌ఎంపీ అనే రాస్తారు. ప్రొఫైల్ 1 ఎంచుకున్నాక సేవ్ చేసే ముందు మెమరీ వేగం 3200, డ్రామ్ వోల్టేజ్ (ర్యామ్‌కు అందే వోల్టేజ్) 1.35 అయ్యాయో లేదో కళ్లారా చూడండి. వేగం మారి వోల్టేజ్ 1.2 దగ్గరే ఉండిపోయిన బోర్డులు నేను చూశాను. అలా ఉంటే వోల్టేజ్‌ను చేత్తో 1.35 చేయండి. అంతకు మించి పెంచవలసిన అవసరం మీకు లేదు.

సేవ్ చేసి రీస్టార్ట్ అయ్యాక తెర నల్లగా ఉంటే వెంటనే స్విచ్ ఆపేయకండి. బోర్డు కొత్త వేగానికి మెమరీని సర్దుకునే ప్రయత్నంలో రెండు మూడు సార్లు తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. కుదరకపోతే చాలా బోర్డులు పాత వేగానికి తిరిగి వచ్చి, బయోస్‌లోకి వెళ్లమని సందేశం చూపిస్తాయి. బోర్డు మీద డ్రామ్ అని రాసి ఉన్న చోట చిన్న లైటు వెలిగి ఉంటే సిస్టమ్ అక్కడే ఆగిందని గుర్తు. కొన్ని నిమిషాలు చూసినా ఏమీ రాకపోతే పవర్ కార్డ్ తీసి, క్లియర్ సీమాస్ అని గుర్తున్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో కొన్ని సెకన్లు కలపండి. పిన్నులు దొరక్కపోతే గుండ్రని సీఆర్2032 సెల్‌ను తీసి కొన్ని నిమిషాల తరువాత పెట్టండి. దీనివల్ల బయోస్‌లోని అన్ని సెట్టింగులూ మొదటికి వస్తాయి కనుక, పాత పద్ధతిలో విండోస్ వేసిన హార్డ్ డిస్క్ అయితే బూట్ కాకపోవచ్చు. అది డిస్క్ పోవడం కాదు, పాత పద్ధతిలో బూట్ కానిచ్చే సీఎస్ఎం సెట్టింగ్ మారిపోవడం. ముట్టుకోకముందే బయోస్ పేజీలను ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకుంటే తిరిగి పెట్టుకోవచ్చు.

స్లాట్లు సరైనవి, బయోస్ కొత్తది, అయినా ఎక్స్‌ఎంపీ నిలవడం లేదనుకోండి. అప్పుడు నేను చేసే క్రమం ఇది. ముందు 3200ను అలాగే ఉంచి టైమింగ్‌లు వదులు చేస్తాను: 16-18-18-38 ఉన్న చోట 18-22-22-42 పెడతాను, కమాండ్ రేట్ అనే మరో టైమింగ్‌ను 2టీ చేస్తాను. మిశ్రమ స్టిక్‌లకు ఇది చాలాసార్లు సరిపోతుంది. చాలకపోతే ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే వోల్టేజ్) ఎంత ఉందో చూసి 1.1 వోల్టుల దరిదాపుల్లో పెడతాను. మీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ బోర్డులలో దానిని 1.2 దాటనివ్వను. అయినా ఎర్రర్లు వస్తే వేగాన్ని 3000కు, తరువాత 2933కు తగ్గిస్తాను. ఒకేసారి రెండు మూడు మార్చవద్దు. అన్నీ కలిపి మార్చి సిస్టమ్ నడిచినా దేనివల్ల నడిచిందో తెలియదు, నడవకపోయినా దేనివల్ల ఆగిందో తెలియదు.

డిస్‌ప్లే వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు. నేను అందరితో వాదించేది ఈ ఒక్క విషయం మీదే. మెమరీలో అప్పుడప్పుడు ఒక్క బిట్ తప్పుగా చదివినా విండోస్ లోడ్ అవుతుంది, పాటలు వస్తాయి, బ్రౌజర్ తెరుచుకుంటుంది. ఆ తప్పు బిట్ ఏదో ఒక రోజు మీరు సేవ్ చేస్తున్న ఫైలులో పడుతుంది. బ్లూ స్క్రీన్ పడటం మీ అదృష్టం, కనీసం అది సంగతి చెప్పి ఆగుతోంది.

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఒక స్టూడియో వారు చిత్తూరు నుంచి సిస్టమ్ తెచ్చారు. రైజెన్ 3000 శ్రేణి ప్రాసెసర్, నాలుగు స్లాట్లూ నింపి 3200 దగ్గర ఎక్స్‌ఎంపీ. వారి ఫిర్యాదు ర్యామ్ గురించి కాదు: సేవ్ చేసిన ఫొటోలలో కొన్ని మళ్లీ తెరిస్తే కింది సగం రంగుల చారలుగా కనిపిస్తోంది, కొన్ని ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైళ్లు అసలు తెరుచుకోవడమే లేదు. హార్డ్ డిస్క్ అనుకుని అప్పటికే కొత్తది వేయించారు, విండోస్ ఫార్మాట్ కొట్టించారు, వైరస్ అని కూడా ఎవరో చెప్పారు. రాత్రి ఏసీ గదిలో పెట్టిన మెమరీ టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ రాలేదు. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం, క్యాబినెట్ తలుపులు మూసి, వారి గదిలో ఉండే పరిస్థితిలోనే పెడితే ఎర్రర్లు వరుసగా వచ్చాయి. నాలుగు స్టిక్‌లు పక్కపక్కన ఒకదాని వేడి ఒకదానికి తగులుతూ ఉండగా, 40 డిగ్రీలు దాటిన రోజున వాటికి ఇక వెసులుబాటు ఎక్కడిది? పైగా నాలుగు స్లాట్లు నింపితే ఆ శ్రేణికి ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం సింగిల్ ర్యాంక్ స్టిక్‌లకు (చిప్‌లన్నీ ఒకే జట్టుగా పనిచేసేవి) 2933, డ్యూయల్ ర్యాంక్‌కు (చిప్‌లు రెండు జట్లుగా ఉన్నవి) 2666 మాత్రమే. 2666కు దించాము, అప్పటి నుంచి ఫైళ్లు చెడలేదు. ఫొటోషాప్‌లో వేగం తగ్గినట్టు వారికి తెలియనే లేదు. కానీ అప్పటికే చెడిపోయిన ఫొటోలను ఎవరూ బాగుచేయలేకపోయారు, వాటిలో కొన్నింటికి కెమెరా కార్డులు కూడా ఖాళీ చేసేశారు.

అందువల్ల టెస్ట్ ఇలా చేయండి. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 గానీ మెమ్‌టెస్ట్86+ గానీ పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితోనే బూట్ చేయండి. 16 జీబీకి నాలుగు పాస్‌లు (పూర్తి చుట్లు) ముగియడానికి కొన్ని గంటలు పడుతుంది. మీ గదిలో వేడిగా ఉండే వేళలోనే పెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరాదు. "వెయ్యింటికి ఒకటేగా" అన్న సర్దుబాటు ఇక్కడ చెల్లదు. టెస్ట్ దాటాక కూడా మీరు రోజూ చేసే బరువైన పనినే కొద్దిరోజులు చేసి చూడండి. టెస్ట్ సమయంలో గ్రాఫిక్స్ పనిచేయదు, మీ 5600జీలో గ్రాఫిక్స్ కూడా అదే మెమరీని వాడుకుంటుంది కనుక ఆట ఆడేటప్పుడు మాత్రమే బయటపడే ఇబ్బందులు కొన్ని ఉంటాయి.

ఇంత శ్రమ అవసరమా అని మీరు అడగలేదు గానీ, చెప్పడం నా బాధ్యత. టాలీ, వర్డ్, సినిమాలు, నెట్ బ్యాంకింగ్‌లకే అయితే 2400కు 3200కు తేడా మీ చేతికి తెలియదు. కానీ మీ దగ్గర విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 5600జీలోని వేగా గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అది ర్యామ్ మీదే బతుకుతుంది. ఒక ఛానల్ మీద 2400 అంటే సెకనుకు గరిష్ఠంగా 19.2 జీబీ. రెండు ఛానళ్ల మీద అదే 2400 అయితే 38.4 జీబీ. రెండు ఛానళ్ల మీద 3200 అయితే 51.2 జీబీ. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్స్‌ఎంపీ అసలే పెట్టకుండా, స్టిక్‌ను సరైన స్లాట్‌లోకి మార్చినంత మాత్రానే దారి రెట్టింపవుతోంది. ఎస్వీ యూనివర్సిటీ వైపు హాస్టళ్లలో ఉండే విద్యార్థులు ఇదే ప్రాసెసర్‌తో ఒకే 16 జీబీ స్టిక్ వేసుకుని "గేమ్ తడబడుతోంది, ఇంకా వేగమైన ర్యామ్ చెప్పండి" అని వస్తుంటారు. 3200 స్టిక్ ఒక్కటి ఇచ్చేది 25.6 జీబీ, మామూలు 2400 స్టిక్‌లు రెండు ఇచ్చేది అంతకంటే ఎక్కువ. వారికి నేను చెప్పేది ఆ స్టిక్‌ను మార్చి 8 జీబీవి రెండు వేసుకోమనే.

ఇంటెల్ సిస్టమ్‌లు వాడుతూ ఇది చదివేవారికి ఒక ముక్క. ఐ5-10400ను హెచ్410 లేదా బీ460 బోర్డు మీద పెట్టుకుంటే మెమరీ 2666 దాటదు, ఎన్ని వేలు పోసి 3600 ర్యామ్ కొన్నా సరే. అది తప్పు సెట్టింగ్ కాదు, బోర్డు చిప్‌సెట్‌కు పెట్టిన హద్దు. 2021లో వచ్చిన బీ560 నుంచి బీ తరగతి బోర్డులకు ఆ హద్దు తీసేశారు. తరువాతి తరం డీడీఆర్5 ర్యామ్ వాడేవారికైతే లెక్కలు వేరు: ఎక్స్‌ఎంపీ స్థానంలో ఏఎండీ వైపు ఎక్స్‌పో ఉంటుంది, మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండవచ్చు, నాలుగు స్టిక్‌లు వేస్తే వేగం బాగా పడిపోతుంది. రైజెన్ 7000 శ్రేణికి నాలుగు స్టిక్‌లతో అధికారిక వేగం 3600 మాత్రమే. 2023లో ఆ శ్రేణి ప్రాసెసర్లు కొన్ని కాలిపోయిన తరువాత ఎస్ఓసీ వోల్టేజ్‌ను 1.3 దాటకుండా ఏఎండీ బయోస్‌లోనే కట్టడి చేసింది. అందుచేత ఆ బోర్డులున్నవారు పాత బయోస్‌తో ఎక్స్‌పో ఆన్ చేయకూడదు.

చివరగా మార్పిడి సంగతి. 2400 దగ్గర, అంటే ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లో ఉండగా, స్టిక్‌లను ఒక్కొక్కటిగా రెండో స్లాట్‌లో పెట్టి మెమరీ టెస్ట్ నడపండి. ఏదైనా ఒక స్టిక్ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎర్రర్ ఇస్తే, అది దాదాపు కచ్చితంగా పోయిన స్టిక్. ఆ తెర ఫొటో, బిల్లు చూపి మార్చి ఇమ్మని ధైర్యంగా అడగండి, సీరియల్ నంబరున్న స్టిక్కర్‌ను మాత్రం చించకండి. ఒంటరిగా ఎక్స్‌ఎంపీ 3200 దగ్గర కూడా నడవని స్టిక్ ఉంటే, రెండోది నడుస్తూ ఉంటే, అప్పుడు కూడా అడిగే హక్కు మీకుంది, ఎందుకంటే డబ్బా మీద రాసినది అదే. రెండూ విడివిడిగా 3200 దగ్గర శుభ్రంగా నడిచి, కలిపితేనే తప్పులు వస్తుంటే దుకాణం వారిని గానీ కంపెనీని గానీ అనడానికి ఏమీ లేదు. రెండో స్టిక్‌ను మొదటి దాని జోడీగా వారు అమ్మలేదు. రెండూ బాగుండి, నాలుగో స్లాట్‌లో ఏ స్టిక్ పెట్టినా గుర్తించకపోతే మాత్రం బోర్డును అనుమానించే ముందు ప్రాసెసర్‌ను ఒకసారి తీసి పిన్నులు చూపించండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఒక్కటి వంగినా ఒక ఛానల్ మొత్తం మాయమవుతుంది. ఈ పని మీరు చేయవద్దు. కూలర్ తీసేటప్పుడు ఎండిన పేస్ట్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వస్తుంది, అక్కడే పిన్నులు వంగుతాయి. సిస్టమ్‌ను కాసేపు నడిపి వేడెక్కాక కరెంటు ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయడం తెలిసినవారి చేతికే ఇవ్వండి.